తెలుసుకొందాం: చంద్రుడు, గ్రహణము, గ్రహణపు మొర్రి



ఈ నెల మన శీర్షికలో చంద్రుని గూర్చి తెలుసుకొందాం. ఈ అంశము నేను ఎన్నుకొన్నది కాదు. మా ఆదివారపు బడి పిల్లలు అడిగిన ప్రశ్నలతో మొదలైనది. "చంద్రుడు ఎంత దూరం అయ్యగారూ?", "మనం నడిస్తే మన వెంటే ఎందుకు వస్తాడు?", "గ్రహణం రోజు కుండల మీద గరిక ఎందుకు వేస్తారు?" అని వరుసగా అడిగారు. మొదటి రెండింటికి జవాబు చెప్పుట తేలిక. మూడవ దానికి సరిగా జవాబు చెప్పుటకు నాకు పద్నాలుగేళ్ళు పట్టింది. అదెలాగో ముందు ముందు వ్రాస్తాను.

తేలికైన వాటితోనే మొదలుపెడదాం.

చంద్రుడు భూమికి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంకె చెబితే ఎవరికీ ఏమీ తోచదు గనుక ఇలా ఆలోచించండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు ఎక్కి, రాత్రింబగళ్ళు ఎక్కడా ఆగకుండా పోతే చంద్రుని చేరుటకు 267 రోజులు పడుతుంది. అనగా ఇంచుమించు ఒక తల్లి బిడ్డను మోసే కాలము. వెలుగు మాత్రము ఆ దూరాన్ని సెకనున్నర లోపే దాటి వస్తుంది.

పిల్లలకు చూపించుటకు ఒక కొబ్బరికాయ, ఒక నిమ్మకాయ చాలు. పీచు తీసిన కొబ్బరికాయ భూమి అనుకొంటే చిన్న నిమ్మకాయ చంద్రుడు. భూమి అడ్డుకొలత 12,742 కిలోమీటర్లు, చంద్రునిది 3,474. ఈ రెంటినీ ఎంత దూరంలో పెట్టాలి అని అడిగితే పెద్దవారు కూడా జానెడు దూరంలో పెడతారు. లెక్క ప్రకారము దాదాపు పన్నెండు అడుగుల దూరంలో పెట్టాలి. మా బడిలో నిమ్మకాయ పట్టుకొన్న పిల్లవాడు "ఇంకా వెళ్ళాలా అయ్యగారూ?" అని నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఇంత దూరంలో ఉన్నాడు గనుకనే మన వెంట వచ్చినట్లు కనబడతాడు. మనము నడుస్తుంటే దగ్గర చెట్లు గబగబా వెనుకకు పోతాయి, దూరపు కొండ మెల్లగా కదులుతుంది, చంద్రుడు కదలనే కదలడు. కదలని దానిని మన కళ్ళు "వెంట వస్తున్నది" అనుకొంటాయి. సాయంత్రము తాటితోపుల మీద లేచే పౌర్ణమి చంద్రుడు గుండిగంత కనబడి, నడినెత్తికి వచ్చేసరికి చిన్నబోవుట కూడా కళ్ళు చేసే మోసమే. చేయి పూర్తిగా చాచి ఒక బఠాణీ గింజ పట్టుకొని చూడండి. లేచేటప్పుడైనా, నడినెత్తిన ఉన్నప్పుడైనా ఆ ఒక్క గింజే చంద్రుని కప్పేస్తుంది.

మన తెలుగులో 'నెల' అంటే చంద్రుడనీ అర్థమున్నది, మాసమనీ ఉన్నది. నెలవంక, వెన్నెల అనే మాటలు ఆ చంద్రునివే. హెబ్రీ భాషలో కూడా చంద్రునికి, మాసానికి ఒకే మూలము నుండి వచ్చిన మాటలున్నాయి. ఒక పౌర్ణమి నుండి మరుసటి పౌర్ణమికి సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. ఇంగ్లీషు కేలండరు నెలలు ఈ లెక్కను వదిలేశాయి గాని, మన పంచాంగము, యూదుల పండుగలు, ముస్లిముల రంజాను ఇంకా దీనినే పట్టుకొని ఉన్నాయి. మన ఈస్టరు కూడా అంతే. మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారమే ఈస్టరు. అందుచేత అది మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఏ తేదీనైనా రావచ్చును. "క్రిస్మసు కదలదు గాని ఈస్టరు ఎందుకు కదులుతుంది?" అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే చంద్రుని చూపించండి.

చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖము మనవైపు పెట్టి తిరుగుతాడు. అవతలి ముఖమును మనుష్యులెవరూ 1959 అక్టోబరు వరకు చూడలేదు. ఆ నెలలో రష్యావారి లూనా-3 మొదటి ఫోటోలు తీసి పంపింది. మనము కుందేలు అని పిల్లలకు చూపించే నల్లని మచ్చలు పూర్వము కరిగిన రాయి పారి గడ్డకట్టిన మైదానాలు. అక్కడ గాలి లేదు, చప్పుడు లేదు. ఒక పగలు మన లెక్కలో దాదాపు 14 రోజులు, ఒక రాత్రి మరో 14 రోజులు. భూమి మీద 60 కిలోలు తూగే మనిషి అక్కడ 10 కిలోలే తూగుతాడు.

1969 నుండి 1972 వరకు అపోలో యాత్రలలో 12 మంది చంద్రుని మీద నడిచారు, 382 కిలోల రాళ్ళు, మన్ను తెచ్చారు. మొదట దిగినది 1969 జులై 20, అది ఆదివారము. ఇక్కడ మన పాఠకులలో చాలామందికి తెలియని ఒక సంగతి ఉన్నది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పాటు దిగిన బజ్ ఆల్డ్రిన్ ప్రెస్బిటేరియన్ సంఘములో పెద్ద. దిగిన తరువాత, బయట అడుగు పెట్టకముందే, తన సంఘము నుండి తీసుకొని వెళ్ళిన కొద్ది రొట్టె, కొద్ది ద్రాక్షారసముతో ఆ చిన్న వాహనములోనే ప్రభువు బల్ల తీసుకొన్నాడు. అక్కడ బరువు తక్కువ గనుక రసము గిన్నె అంచుల వెంబడి మెల్లగా పైకి పాకినదని తరువాత వ్రాశాడు. ఆ సంగతి అప్పుడు రేడియోలో చెప్పనివ్వలేదు. అంతకు ముందు, 1968 క్రిస్మసు ముందురాత్రి, అపోలో-8 వారు చంద్రుని చుట్టూ తిరుగుతూ ఆదికాండము మొదటి అధ్యాయము చదివినందుకు అమెరికాలో ఒకరు కోర్టుకు వెళ్ళారు. ఆ గొడవ మళ్ళీ ఎందుకని అధికారులు జాగ్రత్త పడ్డారు.

మన సంగతి చెప్పాలంటే, 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-1 చంద్రుని మన్నులో నీటి ఆనవాళ్ళు కనుగొనుటకు తోడ్పడింది. 2019లో చంద్రయాన్-2 దిగబోయి పడిపోయింది. 2023 జులై 14న అదే శ్రీహరికోట నుండి చంద్రయాన్-3 వెళ్ళి, ఆగస్టు 23 సాయంత్రము 6 గంటల 4 నిమిషాలకు దక్షిణ ధ్రువము వైపున మెత్తగా దిగింది. ఆ వైపున దిగిన మొదటి దేశము మనది. ఆ సాయంత్రము మా ఊరిలో టీవీ ఉన్న ప్రతి ఇంటి గుమ్మములోనూ చెప్పులే చెప్పులు.

సరిగ్గా రెండు నెలలు దాటిన తరువాత, అదే ఊరిలో, అదే చంద్రుని పేరు చెప్పి ఒక పిల్లను దోషిగా నిలబెట్టారు. ఇప్పుడు ఆ సంగతికి వస్తాను. ఆ కుటుంబము వారి అనుమతితోనే వ్రాస్తున్నాను. పేర్లు, ఊరు వ్రాయను.

2024 ఫిబ్రవరిలో మా సంఘములోని ఒక కోడలు పిల్ల పుట్టింటి నుండి నెలబిడ్డతో వచ్చింది. ఆదివారము ఆరాధనలో చివరి చాప మీద, గోడ వైపు తిరిగి కూర్చున్నది. బిడ్డ ముఖము మీద చీర కొంగు తీయలేదు. ప్రార్థనకు ముందుకు రమ్మంటే తల దించుకొన్నది గాని లేవలేదు. ఆరాధన అయ్యాక నేను, మా ఇంటావిడ దగ్గరకు వెళ్ళాము. బిడ్డ పై పెదవి ఒక ప్రక్క ముక్కు వరకు చీలి ఉన్నది. మన ప్రాంతములో దీనిని గ్రహణపు మొర్రి అంటారు.

ఆ పిల్ల ఏమీ అనలేదు. అత్తగారే అన్నది: "చెప్తే విన్నదా అయ్యగారూ? గ్రహణం నాడు కత్తిపీట ముందేసుకొని చేపలు కోసింది. ఎందుకే, రేపు కోద్దువులే అన్నాను. ఇప్పుడు బిడ్డ మూతి చూడండి."

నేను ప్రార్థన చేశాను. ధైర్యపు మాటలు నాలుగు చెప్పాను. వచ్చేశాను.

ఇంటికి వచ్చాక మా ఇంటావిడ అన్నము వడ్డిస్తూ, "ఆ ముసలావిడ అన్నదానికి మీరేమీ అనలేదేం?" అని అడిగింది. బాధలో ఉన్నవారితో వాదన ఎందుకన్నాను. "మీరు ఊరుకొంటే అవునన్నట్టే గదా. అయ్యగారే కాదనలేదు అని రేపు ఊరంతా చెప్పుకొంటారు. ఆ పిల్ల ఇక ఎవరికి చెప్పుకోవాలి?" అన్నది. కాసేపు ఆగి ఇంకొక మాట అన్నది: "అయినా మీరెలా కాదంటారులే. నన్ను కూర్చోబెట్టలేదా?"

నిజమే. 2010 జనవరి 15 మధ్యాహ్నము సూర్యగ్రహణము. మా పెద్దమ్మాయి అప్పుడు కడుపులో ఉన్నది. వేదాంత కళాశాలలో డిప్లొమా చేసి, సంఘానికి కాపరిగా ఉన్న నేను, తలుపులు కిటికీలు మూసి, "ఎందుకైనా మంచిది, లోపలే ఉండు" అన్నాను. ఎందుకైనా మంచిది! మనము నమ్మమని చెప్పుకొనే వాటిని చాలావరకు ఈ ఒక్క మాటే మన ఇళ్ళలోకి మోసుకొని వస్తుంది. గరిక అలాగే వస్తుంది, సూతకము అలాగే వస్తుంది.

మరునాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని డాక్టరు గారి వద్దకు వెళ్ళి ఒక గంట కూర్చున్నాను. ఆయన చెప్పినది, ఆ తరువాత నేను చదువుకొన్నది కలిపి చెబుతాను.

ముందు గ్రహణము. చంద్రునికి స్వంత వెలుగు లేదు. సూర్యుని వెలుగే ఆయన మీద పడి మనకు వెన్నెల అవుతుంది. పౌర్ణమి నాడు సూర్యుడు ఒక ప్రక్క, చంద్రుడు మరొక ప్రక్క, భూమి నడుమ. ఆ ముగ్గురూ సరిగ్గా ఒకే వరుసలోకి వస్తే భూమి నీడ చంద్రుని మీద పడుతుంది. అదే చంద్రగ్రహణము. మరి ప్రతి పౌర్ణమికీ ఎందుకు రాదు? చంద్రుడు తిరిగే దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలుగా ఉన్నది. అందుచేత చాలా పౌర్ణములలో నీడకు కాస్త పైగానో క్రిందుగానో దాటిపోతాడు. అమావాస్య నాడు చంద్రుడు నడుమకు వచ్చి సూర్యునికి అడ్డమైతే సూర్యగ్రహణము. చంద్రగ్రహణము పౌర్ణమికే, సూర్యగ్రహణము అమావాస్యకే. ఇందులో తిరుగులేదు.

ఇది తెలిస్తే సువార్తలలోని ఒక సంగతి కూడా తేటపడుతుంది. సిలువ దినమున మూడు గంటలు చీకటి కమ్మినది సూర్యగ్రహణమేమో అని కొందరు అంటారు. పస్కా పండుగ వచ్చేది పౌర్ణమికి. పౌర్ణమి నాడు సూర్యగ్రహణము రానేరాదు. పైగా సంపూర్ణ సూర్యగ్రహణపు చీకటి ఒక చోట ఏడున్నర నిమిషాల కంటే ఎక్కువ నిలువదు. మూడవ శతాబ్దములోనే జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవ రచయిత ఈ మాట పట్టుకొన్నాడు. మన దేశములో ఆర్యభటుడు అంతకంటే గొప్ప పని చేశాడు. గ్రహణాలు నీడల వలన కలుగునని క్రీ.శ. 499 నాటి తన గ్రంథములో లెక్కలతో సహా వ్రాశాడు. అంటే ఈ సంగతి తెలియనిది కాదు, పదిహేను వందల ఏండ్లుగా తెలిసినదే.

తెలిసినవారు తెలియనివారి మీద దీనిని ఎలా వాడుకొన్నారో ఒక ఉదాహరణ. 1503లో కొలంబసు ఓడలు పాడై జమైకా దీవిలో చిక్కుకొన్నాడు. కొన్ని నెలలకు అక్కడివారు తిండి ఇచ్చుట మానేశారు. ఆయన వద్ద గ్రహణాల పట్టిక ఉన్నది. 1504 ఫిబ్రవరి 29 రాత్రి చంద్రగ్రహణమని అందులో చూసి, మా దేవుడు మీ మీద కోపించాడు, ఈ రాత్రి చంద్రుని వెలుగు తీసివేస్తాడు అని వారితో చెప్పాడు. చెప్పినట్టే జరిగింది. ఆ జనులు ఏడుస్తూ తిండి మోసుకొని వచ్చారు. ఈ కథను తెలివికి ఉదాహరణగా చెప్పేవారున్నారు. నాకు మాత్రము సిగ్గుగా ఉంటుంది. దేవుని పేరు పెట్టి బెదిరించినవాడు మన మతమువాడే. ఇప్పటికీ ఎర్రని చంద్రుడు కనబడినప్పుడల్లా అంత్యదినపు తేదీలు చెప్పేవారు మనలో తక్కువేమీ కాదు. 2014, 2015 సంవత్సరాలలో వరుసగా నాలుగు సంపూర్ణ చంద్రగ్రహణాలు వచ్చినప్పుడు అమెరికాలో దాని మీద పుస్తకాలు అమ్ముకొన్నారు. భూమి చుట్టూ ఉన్న గాలి ఎర్రని వెలుగును వంచి నీడలోకి పంపుతుంది గనుక చంద్రుడు ఎర్రబడతాడు. సాయంత్రపు ఆకాశము ఎరుపు, ఆ ఎరుపు ఒకటే.

రోకలి సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. గ్రహణము పట్టినప్పుడు పళ్ళెములో నీళ్ళు పోసి రోకలి నిలబెడితే నిలుస్తుంది, విడిచాక పడిపోతుంది అని మన పల్లెలలో నమ్ముతారు. ఏ గ్రహణమూ లేని ఒక మంగళవారము మా పెరటిలో నిలబెట్టి చూశాను. అడుగు చదునుగా ఉన్న రోకలి, రెండు నిమిషాల ఓపిక ఉంటే నిలిచింది. మధ్యాహ్నము వరకు అలాగే ఉన్నది. కోడి తగిలి పడిపోయింది.

ఇక మొర్రి. తల్లి కడుపులో బిడ్డ ముఖము రెండు ప్రక్కల నుండి పెరిగి మధ్యలో కలుస్తుంది. పై పెదవి కలిసేది గర్భము నిలిచిన తరువాత నాలుగు నుండి ఏడు వారాల మధ్య. నోటిలోని అంగిలి దాని తరువాత, మూడవ నెల దాటకముందే కలుస్తుంది. ఆ కలయిక ఏదో కారణము చేత పూర్తి కాకపోతే మొర్రి అవుతుంది. చాలామంది స్త్రీలకు నెల తప్పిన సంగతి రూఢి అయ్యేనాటికే ఈ పని సగము అయిపోయి ఉంటుంది. ఒకసారి కలిసిన పెదవి ఐదవ నెలలోనో ఏడవ నెలలోనో మళ్ళీ చీలదు. చంద్రుడు కాదు, ఎవరు వచ్చినా చీలదు.

ప్రపంచమంతటా సుమారు 700 మంది శిశువులలో ఒకరు పెదవి మొర్రితో గాని, అంగిలి చీలికతో గాని పుడుతున్నారు. గ్రహణ సూతకము మాట ఎన్నడూ వినని దేశాలలోనూ పుడుతున్నారు.

ఇవన్నీ ఒక కాగితము మీద వ్రాసుకొని ఆ ఇంటికి వెళ్ళాను. అత్తగారికి చదువు రాదు. కాగితము ప్రక్కన పెట్టి దోసెడు చింతపిక్కలు అడిగాను. ఆ పిల్లకు ఎ.ఎన్.ఎం. ఇచ్చిన కార్డులో చివరి నెలసరి తేదీ 2023 ఏప్రిల్ 12 అని ఉన్నది. "అమ్మా, వారానికొక పిక్క పెట్టు" అన్నాను. ఆమె పెడుతూ పోయింది. తొమ్మిదవ పిక్క దగ్గర ఆపి, "ఇక్కడికి, అనగా జూన్ నడుమకు, బిడ్డ పెదవి కలవవలసిన పని ముగిసిపోయింది" అన్నాను. తరువాత గ్రహణము రాత్రి, అక్టోబరు 28, వరకు పెట్టమన్నాను. ఇరవై ఎనిమిది పిక్కలు అయినవి.

ఆమె తొమ్మిదవ పిక్క మీద ఒక వేలు, ఇరవై ఎనిమిదవ దాని మీద ఒక వేలు పెట్టి చాలాసేపు చూసింది.

ఇంకొక మాట కూడా చెప్పాను. ఆ రాత్రి గ్రహణము పట్టినది తెల్లవారుజామున 1 గంట 5 నిమిషాలకు. విడిచినది 2 గంటల 22 నిమిషాలకు. చంద్రుని అడ్డుకొలతలో పదవ వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే నీడలో పడింది. ఈ పిల్ల చేపలు కోసినది సాయంత్రము ఆరు గంటలకు. గ్రహణము వేళకు ఇంటిల్లిపాది నిద్రలో ఉన్నారు.

"మరి ఎందుకు వచ్చిందయ్యా?" అని ఆమె అడిగింది. గట్టిగా కాదు.

చాలాసార్లు ఫలానాది అని ఒక్క కారణము చూపించలేమని డాక్టరు గారు చెప్పారు. వంశములో ఉంటే రావచ్చును. పొగ త్రాగుట, సారా, మధుమేహము, మూర్ఛకు వాడే కొన్ని మందులు, ఫోలిక్ ఆమ్లము అందకపోవుట అవకాశమును పెంచుతాయి. (మూర్ఛ మందులు వాడుతున్నవారు దీనిని చదివి మందు మానవద్దు. గర్భము కోరుకొన్నప్పుడే డాక్టరుకు చెప్పండి.) దగ్గరి మేనరికపు పెళ్ళిళ్ళలో పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువ. ఆ ఇంటిలో మేనరికమున్నదో లేదో నేను ఇక్కడ వ్రాయను. ఒకరి నెత్తి మీది నింద దించి మరొకరి నెత్తిన పెట్టుటకు నేను ఆ పిక్కలు పరిపించలేదు. ఇన్ని కారణాలలో కత్తిపీట లేదు, చంద్రుడు లేడు.

ఆ రోజు నన్ను ఎక్కువగా బాధపెట్టినది ఇంకొకటి ఉన్నది. గ్రహణ దోషము గనుక ఏ వైద్యమూ పనిచేయదని వారు అనుకొన్నారు. బిడ్డను ఎక్కడికీ తీసుకొని పోలేదు. అసలు పెదవి మొర్రికి మూడు నెలల వయసు నుండి ఆపరేషను చేయవచ్చును. బిడ్డకు తగిన బరువు, రక్తము ఉండాలి. అంగిలి చీలికకు సాధారణముగా ఏడాదిన్నర లోపు చేస్తారు, మాటలు సరిగా వచ్చుటకు. 2013 నుండి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో ఇది చేరి ఉన్నది. అంగన్‌వాడీలోగాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోగాని చెబితే పెద్ద ఆసుపత్రికి పంపుతారు. స్మైల్ ట్రెయిన్ అనే సంస్థ సహాయముతో ఉచితముగా చేసే ఆసుపత్రులు కూడా ఉన్నాయి. అంగిలి చీలిన బిడ్డ చనుబాలు చీకలేడు, పాలు ముక్కులోకి వస్తాయి. అటువంటి బిడ్డను పడుకోబెట్టి పట్టరాదు. తల ఎత్తి, కూర్చున్నట్టు పట్టుకొని, పిండిన తల్లిపాలు ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పోయాలి. మీ ఇరుగుపొరుగున ఇటువంటి బిడ్డ ఉంటే ఈ నాలుగు వాక్యాలు ఈ రోజే వారికి చదివి వినిపించండి.

మా బిడ్డకు అంగిలి బాగానే ఉన్నది. 2024 జూన్‌లో పెదవికి ఆపరేషను అయింది. రూపాయి ఖర్చు కాలేదు, బస్సు చార్జీలు తప్ప. ఇప్పుడు పెదవి మీద సన్నని గీత ఉన్నది, చూడాలని చూస్తేనే కనబడుతుంది.

ఆ పిల్ల మరల గర్భవతి అయింది. 2025 సెప్టెంబరు 7, ఆదివారము, సంపూర్ణ చంద్రగ్రహణము వచ్చేనాటికి ఎనిమిదవ నెల. ఆ రోజు సూతకము మధ్యాహ్నము ఒంటిగంటకే మొదలని టీవీలో చెప్పారు. గ్రహణము విడిచేది రాత్రి 1 గంట 26 నిమిషాలకు. అనగా పన్నెండు గంటలకు పైగా నిండు గర్భిణికి అన్నము లేదు, నీళ్ళు లేవు. అది బిడ్డకు నిజముగా చేటు. ఆరాధన ముగిసాక నేను సంఘమంతటికీ ఈ మాట చెప్పి, రాత్రికి గుడి ముందర చాపలు పరుస్తాము, చూడగోరినవారు రండి అన్నాను. చంద్రగ్రహణమును మామూలు కళ్ళతో చూడవచ్చును, కంటికి ఏ హానీ లేదు. సూర్యగ్రహణమును మాత్రము ప్రత్యేకమైన అద్దాలు లేకుండా చూడరాదు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి అద్దాలు పనికిరావు.

నలభై మంది దాకా వచ్చారు. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. 9 గంటల 57 నిమిషాలకు అంచు నల్లబడుట మొదలైంది. 11 గంటలకు చంద్రుడు పూర్తిగా మునిగి, ఎండు మిరపకాయ రంగులోకి తిరిగాడు. ఆ ఎరుపు 82 నిమిషాలు ఉన్నది. ఆ పిల్ల పదిన్నరకు వచ్చింది, వెనుక అత్తగారు. అత్తగారి చంకలో పెద్దబిడ్డ, చేతిలో మజ్జిగ చెంబు. నాతో అన్నది: "నీళ్ళు తాగమన్నానయ్యగారూ, అన్నం కూడా పెట్టాను. చూడటం మాత్రం వద్దన్నాను. వినదు గదా." ఆమె భయము పూర్తిగా పోలేదని నాకు తెలిసింది. ఆ పిల్ల చాప మీద కాళ్ళు చాచుకొని కూర్చొని పైకి చూసింది. పెద్దబిడ్డ ఆ ఎర్రని ముద్దను చూసి "మామ, మామ" అన్నది. రెండు పెదవులూ కలిస్తేనే పలికే మాట అది.

రెండవ కాన్పు అక్టోబరు చివర అయింది. ఆడబిడ్డ, పెదవి బాగున్నది. చూశారా అని ఒకరిద్దరు నాతో అన్నారు. నేను దానిని రుజువుగా చూపను. మొదటి బిడ్డకు మొర్రి ఉంటే తరువాతి బిడ్డకు నూటికి రెండు నుండి ఐదు వంతుల అవకాశమున్నదని డాక్టరు గారు ముందే ఆ పిల్లకు చెప్పి ఉన్నారు. ఒకవేళ మొర్రితో పుట్టినా ఆ చింతపిక్కల లెక్క మారేది కాదు.

వచ్చే గ్రహణాలలో ఒకదానిని కేలండరు మీద గుర్తు పెట్టుకొనండి. 2028 డిసెంబరు 31 రాత్రి పది గంటల ప్రాంతములో మన దేశమంతటా సంపూర్ణ చంద్రగ్రహణము కనబడుతుంది. మనము సంవత్సరాంత ఆరాధనకు కూడే వేళ అది. మా గుడిలో ఆ రోజు పాటలు కాస్త ఆలస్యముగా మొదలవుతాయి.

పిల్లలకు ఈ నెల పని: పౌర్ణమి మరునాటి నుండి వరుసగా ఐదు రోజులు చంద్రుడు లేచిన వేళ గడియారములో చూసి వ్రాయండి. రోజుకు ఎన్ని నిమిషాలు ఆలస్యమవుతున్నాడో లెక్కవేసి పోస్టు కార్డు మీద పంపండి. జవాబు వచ్చే సంచికలో.